పేరు రాయని ఉత్తరం

చెవిని చేసిన దేవునికి స్తోత్రం. నోరు తెరిచి అడిగినవారి మాటనూ, నోరు పెగలక లోలోపల కుమిలినవారి మాటనూ ఒకేలా వినే నా తండ్రికి మహిమ కలుగును గాక. కంటికి కనబడని అలల మీద మనిషి గొంతును సముద్రాలు దాటించినవాడు ఆయనే. ఈ నాలుగు మాటలు రాయడానికి నా కళ్లలో ఇంకా చూపునూ, వేళ్లలో కాస్త సత్తువనూ మిగిల్చినందుకు ఆయన పాదాలకు వందనం చేసి మొదలుపెడుతున్నాను.

మొన్న కోదాడలో స్త్రీల ప్రార్థన కూడికకు వెళ్తూ వెంట ఒక సంచి తీసుకువెళ్లాను. అందులో మా నాయన నాటి రేడియో ఉంది. సూర్యాపేటలో నేనొక్కదాన్నే ఉండే కిరాయి ఇంటి అటక మీద అది ఎన్నో ఏళ్లుగా మూలుగుతోంది. ఈ రోజుల్లో రేడియోలు బాగుచేసేవాళ్లు దొరకరు. కోదాడ బస్టాండు వెనక సందులో ఒక పెద్దాయన ఉన్నాడని, ఒకప్పుడు ఆయనకు రేడియోలే బతుకుదెరువని మా సంఘంలో ఎవరో చెప్పారు. వెళ్లి చూస్తే ఆయన చుట్టూ మిక్సీలు, ఫ్యాన్లు, ఫోను చార్జర్లు. నేను సంచి విప్పగానే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని రెండు చేతులా రేడియోను అందుకున్నాడు.

"అమ్మో, ఎన్నాళ్లయిందమ్మా ఇలాంటి సెట్టు చూసి! సాయంత్రం రండి, చూద్దాం. హామీ మాత్రం ఇయ్యలేనండి. దీని సామాను దొరకడం కష్టం."

సాయంత్రం వెళ్లేసరికి సెట్టు పలుకుతోంది. పలుకుతోందంటే, రేకుల మీద దూరాన వాన పడుతున్నట్టు ఒకటే హోరు. నేను మీట ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాను. ఒకచోట ఏదో తెలియని భాషలో రెండు ముక్కలు వినబడి మునిగిపోయాయి. మళ్లీ హోరు.

"బాగుకాలేదా అయ్యా?"

"సెట్టు బాగైందమ్మా. నిక్షేపంలా ఉంది. స్టేషన్లే లేవు." ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు. "ఈ షార్టువేవులో ఒకప్పుడు సందుండేది కాదు. ఒకళ్లమీద ఒకళ్లు పడి మాట్లాడేవాళ్లు. ఇప్పుడందరూ ఫోనులోకి పోయారు. ఇంతకీ మీరు ఎవరి కోసం తిప్పుతున్నారు?"

నేను డబ్బులిచ్చి సెట్టును సంచిలో పెట్టుకున్నాను. సూర్యాపేట బస్సులో ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రేడియో అద్దం మీద ఒకచోట సున్నపు చుక్క ఇంకా ఉంది. నా వేలు ఆ చుక్క మీదే ఆగిపోయింది.

మా ఊరు గరిడేపల్లికి నడిచిపోయేంత దూరం. కాలవ నీళ్లు కొత్తగా వచ్చిన కాలమది. అంతకుముందు జొన్న చేలుండే చోట వరి నాట్లు పడుతున్నాయి. మా నాయన మిర్యాలగూడెంలో రైసుమిల్లులో పనిచేసేవాడు. శనివారం పొద్దుగూకేటప్పటికి వచ్చి, సోమవారం తెల్లవారి బస్సుకు వెళ్లిపోయేవాడు. ఆయన వచ్చాడంటే ఇంట్లో ఉడికిన వడ్ల వాసన వచ్చేది. ఆయన అంగీకీ జుట్టుకీ అదే వాసన. ఇప్పటికీ మిర్యాలగూడెం మిల్లుల పక్కగా బస్సు పోతే నాకు నాయన వచ్చినట్టే ఉంటుంది.

ఒక శనివారం ఆయన చంకలో దుప్పటి చుట్టిన మూట ఒకటి ఉంది. విప్పితే రేడియో.

అప్పటిదాకా మా ఊరికంతటికీ పంచాయతీ రేడియో ఒక్కటే. దాన్ని ఇనుప జాలీ ఉన్న అల్మారాలో పెట్టి తాళం వేసేవారు. వేపచెట్టుకు కట్టిన లౌడ్‌స్పీకర్లోంచి సాయంత్రం వార్తలు, పంటల సంగతులు వచ్చేవి. అవి అయిపోగానే మళ్లీ తాళం. అది ఏం చెబితే అది వినాలి. మా నాయనమ్మ దాన్ని 'సర్కారు నోరు' అనేది. ఇప్పుడు మా ఇంట్లోకి ఒక నోరు వచ్చింది, అదీ మనం తిప్పినట్టు తిరిగే నోరు.

దాన్ని పలికించడం ఒక పెద్ద సేద్యం. నాయన ఇంటిమీద రెండు వెదురు గడలు పాతి, మధ్యన ఏరియల్‌గా రాగి జాలీ పట్టీ కట్టాడు. కాకులు దాని మీద ఊగేవి. ఎర్తు కోసం ఇంకో తీగను జాలారు పక్కన, బోళ్లు తోమే తడి నేలలో పాతాడు. అక్కడ తడి ఆరితే గొంతు బొంగురుపోతుందని అమ్మ రోజూ సాయంత్రం పూలచెట్టుకు పోసినట్టు చెంబెడు నీళ్లు పోసేది. సెల్లులు నీరసపడితే పెంకుల మీద ఎండబెట్టేవాళ్లం. ఎండిన సెల్లులు నాలుగు రోజులు పలికి మళ్లీ సొమ్మసిల్లేవి. పోస్టాఫీసులో ముద్ర వేయించుకునే రేడియో లైసెన్సు పుస్తకం ఒకటుండేది. ముద్ర లేకపోతే ఆ లోపలివాళ్లను మాట్లాడనియ్యరని నాయనమ్మ నమ్మకం. ఆ పుస్తకాన్ని ఆమె బైబిలులోనే దాచేది.

దీపాలు పెట్టే వేళకు సముద్రం అవతలి నుంచి పావుగంట సేపు తెలుగు సువార్త వచ్చేది. చెప్పేది ఒక స్త్రీ. పేరు ఎన్నడూ చెప్పుకోలేదు. మేం రేడియో అక్క అనేవాళ్లం. ముల్లు కొంచెం అటూ ఇటూ అయినా ఆమె దొరికేది కాదు. అందుకని అమ్మ ఒకనాడు నాయనమ్మ తమలపాకుల డబ్బీలోంచి సున్నం వేలికొసతో తీసి, ఆమె పలికే చోట అద్దం మీద చుక్క పెట్టింది. ఆ చుక్క నాకూ అక్కరకు వచ్చింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు సినిమా పాటల కోసం ముల్లును ఎక్కడెక్కడికో తిప్పి, చివరికి చుక్క మీద పెట్టి ఏమీ ఎరగనట్టు కూర్చునేదాన్ని. సెల్లులు తొందరగా అయిపోతున్నాయని నాయన మిల్లులో అందరినీ అడిగేవాడట, కంపెనీ మంచిదేనా అని. ప్రభువు నన్ను క్షమించాలి.

సాయంత్రమైతే మా ఇంటి ముందు ఏడెనిమిది మంది చేరేవారు. మా సంఘపెద్ద వచ్చేవాడు. ఆదివారం మాకు వాక్యం చెప్పేదీ, పిల్లలకు బైబిలు కథలు నేర్పేదీ ఆయనే. ఎదురింటి పెద్దమ్మ వచ్చేది. ఆమె మా సంఘం మనిషి కాదు, గొంతు ముద్దుగా ఉందని వినడానికి వచ్చేది. అమ్మ అనపగింజలు ఉడకబెట్టి ఉప్పు చల్లి తలా దోసెడు పెట్టేది. కిరసనాయిలు దీపం, తడిసిన నేల, ఉడికిన గింజలు, ఈ మూడు వాసనలూ కలిస్తేనే నాకు రేడియో వాసన.

"ప్రియమైన శ్రోతలారా, అందరూ క్షేమమేనా?" అని రేడియో అక్క మొదలుపెట్టేది.

"మంచిగనే ఉన్నం బిడ్డా. నువ్వు తిన్నవా?" అనేది నాయనమ్మ.

"ఆమెకు గిది ఇనపడతదా అత్తా? నీ పిచ్చి గాని!" అని పెద్దమ్మ నవ్వేది.

"ఇనపడకుంటే మనల్ని ఎందుకు అడుగుతది? అడిగినంక సప్పుడు చెయ్యకుంటే మర్యాదనా?"

"అట్లనా? మరి నా తరఫున గూడ జర అడుగు, మా బర్రె ఎన్నడు ఈనుతదో!"

అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది. సంఘపెద్ద మాత్రం కళ్లు మూసుకుని, "సప్పుడు చెయ్యకుండ్రమ్మా, వాక్యం పోతది" అనేవాడు.

మా సంఘంలో స్త్రీలు ప్రార్థనప్పుడు తలమీద ముసుగు వేసుకోవాలి. ఒకసారి అక్క "ప్రార్థన చేసుకుందాం" అనగానే నాయనమ్మ చెయ్యి ఎత్తి అందరినీ ఆపింది.

"ఆమె ముసుగేసుకున్నదో లేదో మనకేం కనపడతది? తొందర్ల మర్సిపోయిందేమో. ఆడిబిడ్డ, మనమే కప్పుదాం."

అమ్మ లోపలికి పోయి తన పాత నీలం చీర ముక్క తెచ్చి రేడియో తలమీద కప్పింది. ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మ కూడా నవ్వలేదు. ఆ తర్వాత అమ్మ దానికి చుట్టూ తెల్లదారంతో అంచు కుట్టింది. అక్క ప్రార్థన మొదలుపెట్టగానే ముసుగు కప్పడం నా పని. గుడ్డ కింద ఆమె గొంతు పక్క గదిలో ఎవరో మనవాళ్లు మాట్లాడుతున్నట్టు ఉండేది.

ఆ ప్రార్థనలో ఆమె శ్రోతలు రాసిన విన్నపాలు చదివేది. ఎవరికి జబ్బు, ఎవరికి కష్టం, ఏ ఊరు, ఏ పేరు. మా సంఘంలోనూ అంతే. ఎవరైనా లేచి "మా ఇంట్ల బాగలేదు, ప్రార్థన చెయ్యుండ్రి" అంటే సంఘపెద్ద ఊరుకునేవాడు కాదు.

"పేరు చెప్పమ్మా. పేరు, ఊరు. అడ్రసు లేని కార్డు పోస్టుల ఏస్తే ఏడికి పోతది?"

ఈ మాట మీరు గుర్తుంచుకోవాలి. నేను మాత్రం ఎంత ప్రయత్నించినా మరచిపోలేకపోయాను.

ఆ చలికాలం అమ్మ కళ్లు తంగేడు పువ్వులా పచ్చబడ్డాయి. ముందు పసరు తాగించారు. అన్నం వాసన పడక వాంతి చేసుకునేది. నాలుగో ఐదో నాడు నాయన వచ్చి ఆమెను మిర్యాలగూడెం దవాఖానకు తీసుకుపోయాడు. నాయనమ్మ తోడు వెళ్లింది. నన్ను ఎదురింటి పెద్దమ్మకు అప్పగించారు. బస్సెక్కే ముందు అమ్మ, "జాలారు కాడ నీళ్లు పొయ్యి బిడ్డా, మర్సిపోకు" అంది.

రోజూ దీపాల వేళకు పెద్దమ్మ ఇంట్లోంచి వచ్చి మా తలుపు తీసేదాన్ని. చెంబెడు నీళ్లు పోసి, దీపం వెలిగించి, రేడియో తిప్పి ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. అమ్మ ఇంట్లో లేదని వినేవాళ్లు రావడం మానేశారు.

"ప్రియమైన శ్రోతలారా, అందరూ క్షేమమేనా?"

జవాబు చెప్పడానికి నాయనమ్మ లేదు. అడిగినాక చప్పుడు చేయకపోతే మర్యాద కాదు. అందుకని మెల్లగా, "లేము అక్కా" అన్నాను. ఆ మాట అనగానే, అంతవరకు రాని ఏడుపు వచ్చింది.

ఆ రాత్రి కాదు, మరునాడు బడిలో, నోటుపుస్తకం కింద పెట్టుకుని ఇన్‌ల్యాండ్ కవరు మీద ఉత్తరం రాశాను. అడ్రసు మన దేశంలోదే, నాకు నోటికి వచ్చు, అక్క రోజూ చెప్పేది. రేడియో అక్కకు వందనాలు, మా ఊరు గరిడేపల్లి దగ్గర, మా అమ్మకు పచ్చకామెర్లు, మిర్యాలగూడెం దవాఖానలో ఉంది, మా అమ్మ పేరు... అక్కడ ఆగిపోయాను.

మా అమ్మకు రెండు పేర్లు. పుట్టింట్లో పెట్టిన పేరు ఒకటి. రేషన్ కార్డులోనూ దవాఖాన చీటీలోనూ అదే. బాప్తిస్మం తీసుకున్ననాడు పాస్టరు అయ్యగారు పెట్టిన పేరు ఇంకొకటి. అది సంఘం పుస్తకంలో ఉంది. దేవునికి తెలిసింది సంఘం పేరు, దవాఖానవాళ్లకు తెలిసింది పాత పేరు. ఏది రాయాలి? ఒకటి రాసి అది తప్పయితే, బాగుచేసే చెయ్యి వేరే మంచం దగ్గరికి పోదా? సంఘపెద్దను అడిగి రాద్దామని అక్కడ నా బొటనవేలంత ఖాళీ వదిలాను. మిగతాదంతా రాసేశాను.

ఇంతలో పోస్టుమాను సైకిలు మీద వచ్చాడు. వారానికి రెండుసార్లే మా బడికి వచ్చేవాడు.

"ఎవలన్న కార్డులిస్తరా? జల్ది, నాకు ఇంకా మూడూర్లు తిరిగేది ఉన్నది!"

నేను పరుగెత్తి ఇచ్చాను.

"అయ్యో పోరీ, అంటియ్యనే లేదు గద!" అని ఆయనే అంచు నాలుకతో తడిపి, మోకాలి మీద పెట్టి అదిమి, సంచిలో వేసుకున్నాడు. నా ఉత్తరం నిజంగా పోతోందని నాకు ఒకటే సంబరం. సైకిలు కాలవ కట్ట ఎక్కాక గుర్తొచ్చింది, ఖాళీ నింపలేదని. వెంటబడి కేకలు వేశాను. ఆటకు పిలుస్తున్నానేమో అనుకుని ఆయన గంట కొట్టి వెళ్లిపోయాడు.

దవాఖానకు పోయిన పదో రోజున అమ్మను బండిలో తెచ్చారు. తెల్లబట్ట చుట్టి తెచ్చారు. కాలవ పక్కన మా వాళ్లను పెట్టే చోటే పెట్టారు. సంఘపెద్ద పాట ఎత్తుకుంటే అందరూ అందుకున్నారు. నేను పాడలేదు. నా లోపల ఒకటే లెక్క తిరుగుతోంది. పేరు లేదు. అడ్రసు లేని కార్డు. ప్రార్థన ఏడికి పోతది? ఎక్కడికీ పోలేదు. నా వల్లనే.

ఎవరికీ చెప్పలేదు. నాయనకు చెబితే కొడతాడని కాదు. కొట్టడని భయం.

నాయన రేడియోను దుప్పట్లో చుట్టి అటకెక్కించాడు. జాలారు దగ్గర తీగ చుట్టూ నేల పగుళ్లు బారింది. ఎన్ని వారాలు గడిచాయో నాకు తెలియదు. ఒక శనివారం నాయనమ్మ తానే నిచ్చెన వేసుకుని దాన్ని దించింది.

"ఇంకెన్ని దినాలు? ఆ బిడ్డ రోజూ అడుగుతనే ఉంటది గద, ఒక్కళ్లన్న పలకకుంటే ఎట్ల?"

ఆ సాయంత్రం సంఘపెద్ద వచ్చాడు. పెద్దమ్మ వచ్చింది. నాయన దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ప్రియమైన శ్రోతలారా, అందరూ క్షేమమేనా?"

"ఉన్నం బిడ్డా," అంది నాయనమ్మ. 'మంచిగనే' అనలేదు.

వాక్యం అయింది. ప్రార్థన మొదలైంది. నేను నీలం గుడ్డ కప్పి కళ్లు మూసుకున్నాను. ఎవరివో రెండు విన్నపాలు అయ్యాయి. ఆ తర్వాత గుడ్డ కింద నుంచి మా ఊరు వినబడింది.

ప్రార్థనలో కళ్లు తెరవకూడదు, ముసుగు తీయకూడదు. నేను రెండూ చేశాను. అక్క గొంతు ఒక్కసారిగా గదిలోకి వచ్చింది.

"...గరిడేపల్లి దగ్గర ఒక పల్లె నుంచి ఒక చిన్న పాప రాసింది. వాళ్ల అమ్మగారికి పచ్చకామెర్లు. మిర్యాలగూడ ఆసుపత్రిలో ఉన్నారట. అమ్మ పేరు రాయాల్సిన చోట పాప కొంచెం ఖాళీ వదిలేసింది. పరవాలేదు తల్లీ, ఆ పేరు ప్రభువుకు తెలుసు. ప్రభువా, ఈ పాప తల్లిని ముట్టండి, ఆమెను లేవనెత్తండి..."

నాయన ఒక్క అంగలో వచ్చాడు.

"ఏంది లేవనెత్తుడు? బంద్ చెయ్! మట్టి చేసి నెల దాటింది, ఇప్పుడు లేవనెత్తుతదట!"

మీట మీదికి పోయిన ఆయన చేతిని నాయనమ్మ పట్టుకుంది. కళ్లు మూసుకునే పట్టుకుంది.

"ముట్టకు కొడుకా. ప్రార్థన నడుస్తున్నది."

"ఎవలికే ప్రార్థన? లేని మనిషికా?"

"ఉన్నదానికి. నీ బిడ్డకు."

నాయన చెయ్యి విడిపించుకోలేదు. ఆమె వదిలాక బయటికి వెళ్లిపోయాడు. అక్క "ఆమేన్" అంది. నాయనమ్మ, సంఘపెద్ద అన్నారు. ఎదురింటి పెద్దమ్మ కూడా, జన్మలో మొదటిసారి, ముక్కు చీదుకుంటూ "ఆమేన్" అంది.

ఆ తర్వాత సంఘపెద్ద నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. "ఆమె గిప్పుడు మాట్లాడతలేదు బిడ్డా. ఏడనో పట్నంల ఒక గదిల కూసొని ఎన్నడో మాట్లాడింది. ఆ మాటను టేపుల పట్టి, సముద్రం నడుమ దీవి కాడికి పంపుతరు. అక్కడి నుంచి ఎత్తు స్తంభాల మీదికెళ్లి మనకు ఇడుస్తరు. నెల పట్టొచ్చు, ఇంకా ఎక్కువ పట్టొచ్చు. నీ ఉత్తరం చేరిననాడే ఆమె ప్రార్థన చేసి ఉంటది. మనకు చేరుడు ఆలస్యమైంది, అంతే."

పెద్దవాళ్లకు ఆ మాటతో సంగతి అర్థమైంది. నేను ఆ ఒక్క 'ఆలస్యం' అనే మాటనే పట్టుకున్నాను. ఆదివారం బడిలో ఆయనే చెప్పాడు. తాను ప్రేమించిన స్నేహితుడు చనిపోయిన నాలుగు దినాలకు ప్రభువు ఆలస్యంగా వచ్చాడు, సమాధి ముందు కన్నీరు విడిచాడు, పేరు పెట్టి పిలిచాడు, కట్టిన బట్టలతోనే అతడు బతికి బయటికి వచ్చాడు. నాలుగు దినాలు. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. శనివారం ప్రార్థన జరిగింది. ఆది, సోమ, మంగళ, బుధ.

బుధవారం బడి సంచిలో పలక తీసేసి అమ్మ చీర పెట్టుకున్నాను. పండగకు కట్టే ఆకుపచ్చ చీర. కాలవ గట్టు వెంట పోయి అమ్మను పెట్టిన చోట కూర్చున్నాను. మట్టి అప్పటికే అణిగింది. దాని మీద చిన్న గరిక మొలిచింది. పొలాల్లో నాట్లువేసే ఆడవాళ్ల పాట వినబడి ఆగిపోయింది. వాళ్లు సద్ది తిని మళ్లీ వంగారు. ఎండ నడినెత్తికి వచ్చి వాలింది. కొంగలు వచ్చాయి, పోయాయి. ప్రపంచంలో ఇంకెవరూ లేనట్టుంది. నాకు భయం వేయలేదు. ఎదురుచూసేవాళ్లకు భయం ఉండదు.

బడికి రాలేదని తెలిసి నాయనమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"గీడ ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"అమ్మకు చీరె తెచ్చిన. ఆ తెల్లబట్టతోని ఇంటికి ఎట్ల వస్తది?"

నాయనమ్మ నన్ను తిట్టలేదు. లేవదీయలేదు. "జర జరుగు. నేను గూడ కూసుంట" అని పక్కన కూలబడింది. కొంగుముడిలోంచి జొన్నరొట్టె తీసి సగం విరిచి ఇచ్చింది. లోపల పచ్చిమిరప తొక్కు రాసి ఉంది. ఇద్దరం తిన్నాం. ఇద్దరం ఎదురుచూశాం. ఆమె నా కోసం నటిస్తోందని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

పొద్దు వాలాక నేనే అడిగాను. "నాయనమ్మా, నేను పేరు రాయలే. ఏది రాయాల్నో తెల్వక ఇడిసిపెట్టిన. గందుకేనా అమ్మ రాలేదు?"

ఆమె నా మొహం రెండు చేతుల మధ్య పట్టుకుంది. ఆ చేతులకు తమలపాకు వాసన.

"ఇన్ని దినాలు గిదా నీ కడుపుల పెట్టుకున్నది? రేడియోల ఆమె చెప్పింది ఇనలేదా? ప్రభువుకు తెలుసు అన్నది గద. మీ అమ్మకు పేర్లు రెండే అనుకున్నవా? ఇంకొకటి ఉన్నది. అది నాకు తెల్వదు, సంఘపెద్దకు తెల్వదు, మీ నాయనకు తెల్వదు. ఆయన దగ్గర రాసి ఉన్నది. లేపే దినాన దాంతోనే పిలుస్తడు. అది ఇయ్యాల గాదు బిడ్డా." నా ఒళ్లో చీరను సర్దుతూ, "చీరె మాత్రం పాడుచెయ్యకు. మడతపెట్టి దాచు" అంది.

ఆమె చేయి పట్టుకుని ఇంటికి నడిచాను. జాలారు దగ్గర చెంబెడు నీళ్లు పోశాను.

నాయన ఆ తర్వాత రేడియో ముందు ఎన్నడూ కూర్చోలేదు. కానీ నెలనెలా ఒక శనివారం ఆయన అంగీ జేబులో, పేపర్లో చుట్టిన కొత్త సెల్లులు ఉండేవి. వాటిని దీపం గూట్లో పెట్టేవాడు. నేను టీచరునై సూర్యాపేటకు వచ్చాక, చివరి రోజుల్లో నా దగ్గరే మంచాన పడ్డాడు. ఒక సాయంత్రం రేడియోలో ప్రార్థన వస్తుంటే కళ్లు తెరవకుండానే అడిగాడు, "దానికి ముసుగు కప్పినవా?" అని. ఆయన నోట నేను విన్న ప్రార్థన అదొక్కటే. నాకు అది చాలు.

ఆ తర్వాత టేపు రికార్డర్లు వచ్చాయి, టీవీలు వచ్చాయి, ఎఫ్ఎంలు వచ్చాయి. లైసెన్సు పుస్తకాలు పోయాయి. సున్నపు చుక్క దగ్గర గొంతు సన్నబడుతూ సన్నబడుతూ ఒకనాడు లేకుండా పోయింది. ఏనాడని నేను చెప్పలేను. అంత మెల్లగా పోయింది. ఇప్పుడు మా సంఘంలో ఒకమ్మాయి నా ఫోనులో అలాంటి కార్యక్రమమే పెట్టి ఇచ్చింది. ఎప్పుడు నొక్కితే అప్పుడు పలుకుతుంది. నిన్నటి ప్రార్థనా వినవచ్చు, మూడేళ్ల కిందటి ప్రార్థనా వినవచ్చు. దేవుని కృప, కాదనను. కానీ ఎవరి చెవిలో వారికే. ఎదురింటివాళ్ల బర్రె సంగతి ఎవరూ అడగరు. గింజలు ఉడకబెడితే తినేవాళ్లు లేరు. నేను ఒక్కదానికే ఉడకబెట్టుకుంటాను, దోసెడు.

కోదాడ నుంచి వచ్చిన రాత్రి రేడియోను బల్ల మీద పెట్టి, పక్కన ఫోను పెట్టాను. కొత్త అక్క ఎవరో, చిన్న గొంతు, "ప్రార్థన చేద్దాం" అంది. లేచి బీరువా తెరిచాను. ఆకుపచ్చ చీర మడతలో నీలం గుడ్డ ఉంది. తెల్లదారం అంచు ఒకచోట ఊడింది. ఫోను మీదా, రేడియో మీదా కలిపి కప్పాను. ఎవరి బిడ్డో, తొందరలో మరచిపోయిందేమో.

చదువుతున్న మీతో ఒక మనవి. ఇది నేను ఎన్నడో ఒక గదిలో కూర్చుని రాసిన మాట. మీకు చేరేసరికి ఆలస్యమవుతుంది, అప్పటికి నేనిక్కడ ఉంటానో లేదో. అయినా నాతో కలిసి ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి. ఈ రోజు ఏ దవాఖాన మంచం పక్కనో కూర్చుని, ఎలా అడగాలో తెలియక ఖాళీ వదిలిన పిల్లల కోసం ప్రార్థించండి. అమ్మ పేరు నేను ఈ కాగితం మీద కూడా రాయలేదు. ఆ చోటు అలాగే ఉంది. మీకు అడగాల్సిన పేరు ఏదైనా ఉంటే అక్కడ పెట్టుకోండి.

ప్రభువా, ఆలస్యమైనా మా మాట మీ దగ్గరికి రానివ్వండి. మేము రాయలేని పేరును మీరు చదవండి. ఆమేన్.